సర్కారు యాప్ ఎవరిని చూసి కాపీ కొడుతోంది?

కొత్త ఫోన్ లాంచ్ అయితే చాలు, చిప్ ఎవరిది, కెమెరా సెన్సర్ సోనీదా శాంసంగ్‌దా, పాత మోడల్‌కే పేరు మార్చి మళ్లీ అమ్ముతున్నారా అని గంటల తరబడి వాదించుకుంటాం. రీబ్రాండ్ అయితే అరగంటలో పట్టేస్తాం కూడా. అదే ఫోన్‌లో ఉండే గవర్నమెంట్ యాప్ విషయానికి వస్తే మాత్రం ఆ ఐడియా ఎక్కడిది, ముందు ఏ దేశంలో ట్రై చేశారు, అక్కడ ఏమైంది అని ఎవరూ అడగం. ఇన్‌స్టాల్ చేస్తాం, ఓటీపీ రాకపోతే తిడతాం, అన్‌ఇన్‌స్టాల్ చేస్తాం. అంతే.

నన్నడిగితే ఆ యాప్ జాతకం రివ్యూలో మొదటి పేరాలోనే ఉండాలి. ఎందుకంటే ప్రభుత్వాలు వీటిని పూర్తిగా సొంతంగా ఆలోచించి తయారుచేసేది చాలా తక్కువ. ఇప్పుడు చాలా దేశాల్లో ‘ఇన్నోవేషన్ ల్యాబ్’, ‘డిజిటల్ సర్వీస్’ లాంటి పేర్లతో ప్రభుత్వంలోనే చిన్న చిన్న టీమ్‌లు ఉన్నాయి. వాళ్లు ఒకరినొకరు గమనిస్తూ ఉంటారు. ఒకరి మనుషులను ఇంకొకరు తీసుకుంటారు, ఒకరి కోడ్ ఇంకొకరు వాడతారు, ఒకరి స్లైడ్లు ఇంకొకరు చూపిస్తారు. ఈ నెట్‌వర్క్‌లో ఎవరు ఎవరి మాట వింటున్నారన్న దాన్ని బట్టే మన ఫోన్‌లోకి ఏం వస్తుందో తేలుతుంది.

లండన్‌లో మొదలైన వైరు

ఈ కథలో పెద్ద టవర్ బ్రిటన్‌ది. 2010లో మార్తా లేన్ ఫాక్స్ ఇచ్చిన రిపోర్ట్‌తో 2011లో అక్కడ గవర్నమెంట్ డిజిటల్ సర్వీస్, పొట్టిగా జీడీఎస్, మొదలైంది. 2012 అక్టోబర్‌లో గవ్.యూకే సైట్ వచ్చింది. డిపార్ట్‌మెంట్‌కో వెబ్‌సైట్ తీసేసి అన్నీ ఒకే చోటికి తెచ్చారు. చూడ్డానికి ఏమీ ఉండదు, తెల్లటి పేజీ, నల్లటి అక్షరాలు. గొప్పతనం అక్కడే ఉంది. మంత్రిగారి ఫోటో లేదు, స్క్రోలింగ్ టెక్స్ట్ లేదు, వచ్చినవాడికి పని అయిపోతుంది.

ఏడాది తిరక్కుండానే అమెరికాలో హెల్త్‌కేర్.గవ్ కుప్పకూలింది. 2013 అక్టోబర్ 1న, అంటే మొదటి రోజు, ఆ సైట్‌లో ఇన్సూరెన్స్ నమోదు పూర్తి చేసుకోగలిగింది ఆరుగురు. ఆరు వేలు కాదు, ఆరుగురే. ఆ దెబ్బ తర్వాత 2014 మార్చిలో 18ఎఫ్, ఆగస్టులో యూఎస్ డిజిటల్ సర్వీస్ పుట్టాయి. రెండో దాని వెనక ఉన్న జెన్నిఫర్ పాల్కా, జీడీఎస్‌ను చూసే అలాంటిది తమకూ కావాలని పట్టుబట్టినట్టు దాచుకోకుండా చెప్తారు. 2015లో ఆస్ట్రేలియా కూడా ఒక డిజిటల్ ఆఫీస్ పెట్టి, దాన్ని నడపడానికి జీడీఎస్‌లో పనిచేసిన పాల్ షెట్లర్‌ను తీసుకెళ్లింది. 2017లో కెనడా వంతు. 2014 డిసెంబర్‌లోనే బ్రిటన్, ఎస్టోనియా, ఇజ్రాయెల్, న్యూజిలాండ్, దక్షిణ కొరియా కలిసి డీ5 అని ఒక గ్రూప్ కట్టాయి. జీడీఎస్‌ను నడిపిన మైక్ బ్రాకెన్ 2015లో బయటికొచ్చి, పాత టీమ్‌మేట్స్‌తో కలిసి పబ్లిక్ డిజిటల్ అనే కన్సల్టింగ్ కంపెనీ పెట్టారు. అక్కడినుంచి అదే పద్ధతి ఇంకా చాలా ప్రభుత్వాలకు వెళ్లింది.

ఇక్కడ ప్రయాణం చేసింది ముందుగా మనుషులు, వాళ్ల వెనక ఐడియాలు. మన హైదరాబాద్‌లో ఒక కంపెనీ టీమ్ లీడ్ ఇంకో కంపెనీకి మారితే ఆరు నెలల్లో పాత టీమ్ సగం అటు వెళ్లిపోతుంది చూడండి, అచ్చం అలాగే.

ఎవరికీ తెలియని మంచి కాపీ

కాపీ అంటే తప్పని నేను అనడం లేదు. మంచి కాపీకి నాకు నచ్చిన ఉదాహరణ గవ్.యూకే నోటిఫై. ఇది యాప్ కూడా కాదు. ప్రభుత్వ ఆఫీసులు జనానికి ఎస్సెమ్మెస్, ఈమెయిల్, ఉత్తరం పంపడానికి వాడుకునే ఒక కామన్ సర్వీస్. ‘మీ దరఖాస్తు అందింది’, ‘మీ పాస్‌పోర్ట్ పంపించాం’ లాంటి మెసేజ్‌లు. ఆ మెసేజ్ వస్తే మనిషి ఆఫీసుకు ఫోన్ చేయడు, లైన్లో నిలబడడు. ప్రతి డిపార్ట్‌మెంట్ తనకోసం విడిగా ఎస్సెమ్మెస్ గేట్‌వే కొనకుండా అందరికీ ఒకటే.

కోడ్ అంతా పైథాన్‌లో, ఎమ్‌ఐటీ లైసెన్స్‌తో గిట్‌హబ్‌లో పడేశారు. కెనడా దాన్ని ఫోర్క్ చేసి జీసీ నోటిఫై చేసింది. ఆస్ట్రేలియా, అమెరికా కూడా అదే కోడ్‌తో మొదలుపెట్టాయి. కెనడా వాళ్లు తీసుకున్నది అలాగే వాడేయలేదు. వాళ్లకు ఇంగ్లిష్, ఫ్రెంచ్ రెండూ చట్టప్రకారం సమానం కాబట్టి ఇంటర్‌ఫేస్ మొత్తం రెండు భాషల్లో పనిచేసేలా మార్చాల్సి వచ్చింది. నేను ఆ రెండు రెపోలను పక్కపక్కన పెట్టుకుని చూశాను. తల్లీకూతుళ్ల పోలిక కనిపిస్తుంది, కానీ కూతురు వేరే ఇంటికి వెళ్లి అక్కడి వంట నేర్చుకుంది.

ఇది ఎందుకు కుదిరిందంటే మూడు చోట్లా సమస్య ఒక్కటే, అది చిన్నది కూడా. పైగా కోడ్ బయట ఉంది. వింటే బోర్ కొట్టే సర్వీస్ కాబట్టి దీనికి రిబ్బన్ కటింగ్ చేసి క్రెడిట్ కొట్టేయాలన్న తొందర కూడా ఎవరికీ లేదు.

బగ్‌తో సహా కాపీ

ఇప్పుడు చెడ్డ కాపీ. ఈ సైట్ చదివేవాళ్లకు ఇది బాగా అర్థమవుతుంది, ఎందుకంటే ఇందులో విలన్ లాక్ స్క్రీన్.

2020 మార్చిలో సింగపూర్ ప్రభుత్వ టెక్ సంస్థ గవ్‌టెక్, ట్రేస్‌టుగెదర్ అనే యాప్ తెచ్చింది. మీ ఫోన్ బ్లూటూత్‌తో పక్కనున్న ఫోన్లను గుర్తుపెట్టుకుంటుంది. ఎవరికైనా కరోనా పాజిటివ్ వస్తే వాళ్ల దగ్గర తిరిగినవాళ్లను వెతకొచ్చు. ప్రపంచంలోనే ఈ తరహాలో ముందొచ్చినవాటిలో ఒకటి. ప్రోటోకాల్‌నూ కోడ్‌నూ ఓపెన్ సోర్స్ చేసి ‘మీరూ వాడుకోండి’ అన్నారు. మంచి మనసే.

తిరకాసు ఎక్కడంటే ఐఫోన్‌లో. యాప్ బ్యాక్‌గ్రౌండ్‌లోకి వెళ్లగానే ఐఓఎస్ దాని బ్లూటూత్ ప్రసారాన్ని బాగా కట్టడి చేస్తుంది. బ్యాటరీ కోసం, ప్రైవసీ కోసం యాపిల్ పెట్టుకున్న రూల్ అది. రెండు ఐఫోన్లు లాక్ అయి జేబుల్లో ఉంటే ఒకదాన్ని ఒకటి సరిగా కనిపెట్టలేవు. అందుకే సింగపూర్ వాళ్లు ఐఫోన్ యూజర్లకు యాప్ తెరిచే ఉంచమని చెప్పారు. ఫోన్ తలకిందులు చేస్తే స్క్రీన్ డిమ్ అయ్యే ఒక పవర్ సేవర్ మోడ్ కూడా ఇచ్చారు. ఫోన్‌ను తలకిందులుగా జేబులో పెట్టుకుని రోజంతా తిరగాలన్నమాట! ఆన్‌లైన్ క్లాస్ అటెండెన్స్ కోసం కూడా మనం ఇంత చేసి ఉండం.

ఈ సంగతి అందరికీ తెలుసు. తెలిసి కూడా ఆస్ట్రేలియా అదే కోడ్ ఆధారంగా 2020 ఏప్రిల్ 26న కోవిడ్‌సేఫ్ వదిలింది. విడుదలైన గంటల్లోనే అక్కడి డెవలపర్లు ఆండ్రాయిడ్ యాప్‌ను డీకంపైల్ చేసి తప్పులు పట్టుకున్నారు. ఐఫోన్ సమస్య అలాగే దిగుమతి అయింది. 70 లక్షల మందికి పైగా రిజిస్టర్ చేసుకున్నారు. చివరికి 2022 ఆగస్టులో యాప్ మూసేస్తూ కొత్త ఆరోగ్య మంత్రి చెప్పిన లెక్క ఇది: 2.1 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు పైగా ఖర్చు, మనుషులు ఫోన్లు చేసి కనిపెట్టలేకపోగా యాప్ మాత్రమే కనిపెట్టిన పాజిటివ్ కేసులు రెండు. ఇంకో 17 మంది క్లోజ్ కాంటాక్టులు.

అదే ఏప్రిల్ 26న, సరిగ్గా అదే రోజు, జర్మనీ ప్రభుత్వం యూటర్న్ తీసుకుంది. అప్పటిదాకా డేటా అంతా ప్రభుత్వ సర్వర్‌లో ఉండే పద్ధతి వైపు మొగ్గింది. ఇక అది వద్దు, యాపిల్, గూగుల్ కలిసి ఓఎస్ స్థాయిలోనే తెస్తున్న సిస్టమ్ వాడతాం, డేటా ఫోన్‌లోనే ఉంటుంది అని ప్రకటించింది. జూన్‌లో కొరోనా-వార్న్-యాప్ వచ్చింది, కోడ్ మొదటినుంచీ గిట్‌హబ్‌లో. ఐఫోన్ జేబులో లాక్ అయి ఉన్నా పనిచేసింది.

ఒకే రోజు రెండు దేశాలు రెండు దారులు ఎందుకు పట్టాయి? జర్మనీ తెలివైంది, ఆస్ట్రేలియా కాదు అంటే తప్పు. ఆస్ట్రేలియా వినింది ఇంకో ప్రభుత్వం మాట. జర్మనీకి మాత్రం తమను తిట్టేవాళ్ల మాట వినక తప్పలేదు. సెంట్రల్ సర్వర్ పద్ధతి ప్రమాదమని దాదాపు 300 మంది సైంటిస్టులు బహిరంగ లేఖ రాశారు. కేయాస్ కంప్యూటర్ క్లబ్ హ్యాకర్లు గట్టిగా అడ్డం తిరిగారు. వాళ్లు ప్రభుత్వ ల్యాబ్‌ల గ్రూపులో సభ్యులు కారు, వాళ్లకు స్లైడ్లు లేవు. అయినా ఫోన్ ఎలా పనిచేస్తుందో వాళ్లకే తెలుసు.

బ్రిటన్ సంగతి ఇంకా చోద్యం. అంతమందికి గురువైన దేశం, ఎన్‌హెచ్‌ఎస్‌ఎక్స్ పేరుతో సొంత యాప్ చేసి ఐల్ ఆఫ్ వైట్ ద్వీపంలో టెస్ట్ చేసింది. ఆండ్రాయిడ్ ఫోన్లను 75 శాతం గుర్తించింది, ఐఫోన్లను 4 శాతం. జూన్‌లో దాన్ని పక్కన పెట్టి అదే యాపిల్-గూగుల్ దారికి వచ్చారు. కానీ ఒకటి ఒప్పుకోవాలి, టెస్ట్ చేసి నంబర్ బయటపెట్టారు. ఆ 4 శాతం అనే నంబర్ నా దృష్టిలో పది కాన్ఫరెన్సుల కంటే విలువైంది. ఈ నెట్‌వర్క్‌లో ముందుగా ప్రయాణం చేయాల్సింది అలాంటి నంబర్లే. అవే అన్నిటికంటే తక్కువ ప్రయాణం చేస్తాయి.

ఆస్ట్రేలియా గురించి ఒక మంచి మాట కూడా చెప్పాలి. కోడ్ కాపీ కొట్టింది కానీ చట్టం కాపీ కొట్టలేదు. 2020 మేలోనే ఆ డేటాను పోలీసులు వాడకూడదని పార్లమెంట్‌లో చట్టం చేసుకుంది. సింగపూర్‌లో అది లేక, క్రిమినల్ కేసుల కోసం పోలీసులు ఆ డేటా తీసుకోవచ్చని 2021 జనవరిలో బయటపడి పెద్ద గొడవైంది. అదే సింగపూర్ స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ల కోసం చేతిలో పట్టేంత బ్లూటూత్ టోకెన్ చేసి, బయటి హార్డ్‌వేర్ నిపుణులను పిలిచి ‘విప్పి చూసుకోండి’ అని టియర్‌డౌన్ చేయించింది. ఆస్ట్రేలియా తీసుకోకుండా వదిలేసింది ఆ టోకెన్‌ను, ఆ టియర్‌డౌన్ అలవాటును. నాకైతే వాళ్లు తెచ్చుకోవాల్సింది అదే అనిపిస్తుంది.

రీఛార్జ్ ఎవరు చేస్తున్నారు?

ఈ వైర్లకు డబ్బు ఎక్కడినుంచి వస్తుందన్నది ఇంకో ప్రశ్న. చాలాసార్లు ప్రభుత్వం కాదు. 2011లో అమెరికాలోని ఐదు నగరాల్లో ఇన్నోవేషన్ టీమ్‌లకు జీతాలిచ్చింది బ్లూంబర్గ్ ఫిలాంత్రపీస్. బ్రిటన్‌లో నెస్టా అనే ఫౌండేషన్ ఇలాంటి ల్యాబ్‌ల గురించి రిపోర్టులు రాసింది, ప్రభుత్వంలో పుట్టిన బిహేవియరల్ ఇన్‌సైట్స్ టీమ్‌ను చివరికి 2021లో పూర్తిగా తానే కొనుక్కుంది. మన బెంగళూరు ట్రిపుల్ ఐటీలో 2018లో మొదలై ఫిలిప్పీన్స్, మొరాకో, ఇథియోపియా దాకా వెళ్లిన ఐడీ ప్లాట్‌ఫామ్ మోసిప్‌కు డబ్బు గేట్స్ ఫౌండేషన్, టాటా ట్రస్ట్స్, ఒమిడ్యార్ నెట్‌వర్క్ ఇచ్చాయి. ఇందులో కుట్ర ఏమీ లేదు. కాకపోతే డబ్బిచ్చినవాడికి విజయగాథలు కావాలి. ఫెయిలైన ప్రాజెక్ట్ గురించి పదిమందికి చెప్పమని ఎవరూ గ్రాంట్ ఇవ్వరు.

ల్యాబ్‌ల ఆయుష్షు కూడా అంతంతే. ప్రపంచమంతా ఆదర్శంగా చూపించిన డెన్మార్క్ మైండ్‌ల్యాబ్ 2002లో పుట్టి 2018లో మూతపడింది. 18ఎఫ్‌ను 2025 మార్చి 1న ఒక్క అర్ధరాత్రి మెయిల్‌తో తీసేశారు. అయితే వాళ్లు రాసిన గైడ్లు, కోడ్ ఓపెన్‌గా ఉన్నాయి కాబట్టి వాటిని ఎవరూ తీసేయలేకపోయారు. టీమ్ పోయినా రెపో మిగిలింది.

మన సంగతి

ఇక మన దగ్గరికి వద్దాం. తెలుగు రాష్ట్రాలకు ఈ విషయంలో మంచి చరిత్రే ఉంది. 2001లో హైదరాబాద్‌లో ఈసేవ, 2011లో మీసేవ. ఇప్పుడు స్మార్ట్‌ఫోన్ కళ్లతో చూస్తే పాతగా కనిపిస్తాయి కానీ ఆ కౌంటర్ వెనక కూర్చున్న ఆపరేటరే అందులో అసలైన ఇన్నోవేషన్. ఫోన్ లేని తాతకు కూడా ఆదాయ సర్టిఫికెట్ వచ్చేది.

బోస్టన్‌లో స్ట్రీట్ బంప్ అని ఒక యాప్ చేశారు. కారులో వెళ్తుంటే ఫోన్ యాక్సిలరోమీటర్ గుంతలను కనిపెట్టి కార్పొరేషన్‌కు చెప్తుంది. మన రోడ్లకు పెడితే సర్వర్ పేలిపోతుంది, అది వేరే విషయం. దానిమీద వచ్చిన విమర్శ ఏంటంటే, స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లు ఎక్కువ తిరిగే ఏరియాల గుంతలే లెక్కలోకి వస్తాయని. ఆ పాఠం అందరికీ తెలిశాక కూడా 2021 మేలో మన కోవిన్‌లో ఏం జరిగింది? 18-44 ఏళ్లవాళ్లకు ఆన్‌లైన్ బుకింగ్ తప్పనిసరి, పోర్టల్ ఇంగ్లిష్‌లో. స్క్రిప్ట్ రాయడం వచ్చినవాళ్లకు, టెలిగ్రామ్ అలర్ట్ పెట్టుకున్నవాళ్లకు స్లాట్ దొరికింది. డిజిటల్ తేడాల గురించి సుప్రీంకోర్టు అడగాల్సి వచ్చింది, తెలుగు లాంటి భాషలు జూన్‌లో వచ్చాయి.

ఆరోగ్య సేతు దీనికి భిన్నం. జియోఫోన్ వెర్షన్ తెచ్చారు, మామూలు ఫోన్ల కోసం 1921కి మిస్డ్ కాల్ ఇచ్చే ఏర్పాటు చేశారు. ఇది సింగపూర్‌ను చూసి చేసింది కాదు, మన దేశాన్ని చూసి చేసింది. బాగుంది. కానీ 2020 అక్టోబర్‌లో ఒక ఆర్టీఐ దరఖాస్తుకు జవాబుగా ఆ యాప్ ఎవరు తయారుచేశారో తమ దగ్గర సమాచారం లేదని ఎన్‌ఐసీ చెప్తే, కేంద్ర సమాచార కమిషన్ మండిపడింది. ప్రభుత్వం తర్వాత వివరణ ఇచ్చుకుంది, కంపెనీలు, కాలేజీలు, వాలంటీర్లు కలిసి చేశారని. కోట్ల ఫోన్లలో ఉన్న యాప్ పుట్టుక గురించి ఆర్టీఐ వేసి అడగాల్సి రావడమే నా కంప్లయింట్.

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ మన మిత్ర మొదలుపెట్టింది. వాట్సాప్‌లో 161 సేవలతో. ఒక రివ్యూయర్‌గా చెప్పాలంటే ఆలోచన మంచిది. 32 జీబీ ఫోన్‌లో ఇంకో యాప్‌కు చోటుండదు, వాట్సాప్ ఎలాగూ ఉంటుంది, అమ్మానాన్నలకు కొత్తగా నేర్పే పని లేదు. కొన్ని వారాల్లోనే మహారాష్ట్ర కూడా అదే మెటా కంపెనీతో ఒప్పందం ప్రకటించింది. ఇది కూడా ఇన్‌ఫ్లుయెన్స్ నెట్‌వర్కే. కాకపోతే మధ్యలో ఉన్న వైరు ప్రభుత్వాలది కాదు, వెండర్‌ది. కెనడా వాడు బ్రిటన్ కోడ్ ఫోర్క్ చేసినట్టు రేపు ఇంకో రాష్ట్రం మన మిత్రను ఫోర్క్ చేయలేదు. మెటా దగ్గరికి వెళ్లి తన ఒప్పందం తాను చేసుకోవాలి. వాట్సాప్ రేపు బిజినెస్ మెసేజ్‌ల రేట్లు మార్చినా, పాలసీ మార్చినా ఆ రాష్ట్రాలన్నీ ఒకేసారి కూర్చుని తల పట్టుకోవాలి. మన మిత్రలో ఏ సేవ దగ్గర ఎంతమంది మధ్యలో ఆగిపోతున్నారు? తెలుగులో టైప్ చేసినవాళ్లకూ ఇంగ్లిష్‌లో టైప్ చేసినవాళ్లకూ తేడా ఉందా? మహారాష్ట్రకు పనికొచ్చేది ఆ జవాబు, లాంచ్ రోజు ప్రెస్ నోట్ కాదు.

మన దగ్గర ఇంకో తికమక ఉంది. ఇన్నోవేషన్ అంటే స్టార్టప్ అని అర్థం చేసుకుంటాం. టీ-హబ్ 2015లో వచ్చింది, గొప్ప బిల్డింగ్, గొప్ప పని. కానీ అది కంపెనీలను పెంచే చోటు. తహసీల్దార్ ఆఫీసులో ఫారం ఎందుకు నాలుగు పేజీలు ఉందో కూర్చుని తేల్చే టీమ్ కాదు. జీడీఎస్ చేసింది ఆ రెండో పని. బయటికి వెళ్లి డెలిగేషన్లు ఫోటోలు దిగి వచ్చేటప్పుడు మొదటిది కనిపిస్తుంది, రెండోది కనిపించదు. ఫారం తగ్గిస్తే ఫోటో ఏం వస్తుంది మరి?

రూల్స్ లేవా అంటే ఉన్నాయి. ప్రభుత్వ అప్లికేషన్ల సోర్స్ కోడ్ ఓపెన్ చేయాలని కేంద్రం 2015లోనే పాలసీ తెచ్చింది. 2017లో దానికోసం ఓపెన్‌ఫోర్జ్ అని గిట్‌హబ్ లాంటి సైట్ పెట్టారు. ఇంజనీరింగ్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ కోసం టాపిక్ వెతుక్కుంటున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఇంకో ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్ సిస్టమ్ చేసేముందు ఒక సాయంత్రం ఓపెన్‌ఫోర్జ్‌లో కూర్చోండి. మీ ఫోన్‌లో ఉన్న ప్రభుత్వ యాప్‌ల పేర్లు ఒక్కొక్కటిగా వెతకండి. ఏది ఉంది, ఏది లేదు, ఉన్నదాంట్లో చివరి కమిట్ ఏ తేదీన పడింది, ఆ యాప్ ప్లేస్టోర్‌లో ఎప్పుడు అప్‌డేట్ అయింది అని రాసుకోండి. ఆ రెండు తేదీలు కలవకపోతే ఆ డిపార్ట్‌మెంట్‌కు ఒక ఆర్టీఐ వేయండి. ఫీజు పది రూపాయలు.